సంకనెక్కిన పొలిమేర రాయి

గట్టవ్వ అని ఒకామె వాగు ఒడ్డుకు కూసోని రాయికి నీళ్ళు పోస్తాందంట. పిల్లకు పోసినట్టె. ముందుగాల నీళ్ళల్ల చెయ్యి పెట్టి సూసుకునుడు, సల్లగున్నయా గోరెచ్చగున్నయా అని. మల్ల నెత్తి మీదికెల్లి నిమ్మలంగ పోసుడు, కొంగుతోని తుడుసుడు, పసుపు బండారి రాసుడు, బొట్టు పెట్టుడు. ఆ రాయి ఎంత ఉంటదనుకున్నవు? ఏడాది పిల్లంత ఉంటదనుకో. నల్లగ, గుండ్రంగ, నడిమిట్ల జర లోపలికి ఒంగి. అది ఒట్టి రాయి గాదు, మా ఊరి పొలిమేర రాయి. పొలిమేరవ్వ అంటరు. ఊరు ఏడిదాక అంటె అది ఉన్న కాడిదాక. దానికి నీళ్ళు పోసుడు, పండుగనాడు పొలి అన్నం సల్లుడు, వానకో వరదకో ఒరిగితె మల్ల లేపి కూసోబెట్టుడు, గిదంత గట్టవ్వోళ్ళ ఇంటి పని. తాతల సంది వాళ్ళ చెయ్యే. వేరేటోడు ముట్టుకుంటె లేవదు, లేచినా నిలువదు, తెల్లారెసరికి ఒరిగి పడుంటది. గట్టవ్వ మొగడు పోయినంక ఆ పని ఆమెకొచ్చింది. కొడుకు ఓదెలు అప్పటికి చిన్నోడాయె.

ఇప్పుడు నువ్వడుగుతవు, రాయికి అంత గొప్పతనమేంది తాతా అని. చెప్త, ఆగు. మా దిక్కు ఒక కట్టు ఉండె. పొలిమేర అవుతల పానం పోయినోన్ని ఊర్లెకు తేవద్దు. పాము కరవనీ, పిడుగు పడనీ, ఏడ పడ్డోన్ని ఆడనె పూడ్చుడు. వానికి అయ్య పక్కపొంటి జాగ ఉండదు. పెద్దలకు పెట్టే పెత్రమాసనాడు వాని పేరు మీద అన్నం ఇస్తరి పడదు. ఎవ్వలు పిలువరు, వాడు గాలోలె తిరుగుతనె ఉంటడన్నట్టు. మేకల ఐలుమల్లు అనేటోన్ని పాము కరిస్తె ఏం చేసిండో తెల్సా? ఏం పామో గూడ సూడకుంట ఊరు దిక్కు ఉరికిండంట. ఒక్క కాలు రాయి ఇవుతల పెట్టిండు, పడిపోయిండు. పెద్దమనుషులు పొద్దంత పంచాయితి పెట్టిన్రు, లోపటున్నది ఏ కాలు అని. ఆఖరికి ఏమన్నరంటె, గుండె ఉండేది ఎడమ దిక్కు, లోపట పడ్డది ఎడమ కాలు, కాబట్టి తేవచ్చు అన్నరంట. నవ్వకుండ్రి. కట్టు అంటె కట్టే.

ఊరు ఎట్లుండేదంటె, పొద్దు పొడిచే దిక్కు కోటసొంటి దొర గడి, పొద్దు గూకే దిక్కు బూడిదగుట్ట. ఊరికి గుట్టకు నడిమిట్ల వాగు. వాగు దాటితె మోదుగు చెట్లు, ఇప్పచెట్లు, పడావు పడ్డ మెట్ట చెల్కలు, గుట్ట కింది దాక అదే. దొర ఏమన్నడంటె, వాగు అవుతలిది మొత్తం నేను ఏటాడే అడివి, రాయి దాటినోడు మనిషైనా దుప్పైనా నాకొకటే అన్నడంట. ఇగ వెట్టి. గడిల దీపంల నూనె పోసుడు కాడికెల్లి దొరసాని కాళ్ళు పిసుకుడు దాక ఊరిదే చాకిరి. "బాంచెన్ నీ కాల్మొక్త" అనుడు దప్ప వేరే మాట నేర్వలేదంట అప్పటోళ్ళ నోర్లు. ఆ వెట్టికి ఎదురు తిరిగినోళ్ళు గుట్టెక్కిన్రు, తుపాకులు పట్టిన్రు. వాళ్ళను ఆకుదండు అంటుండె జనం. తలకాయకు మోదుగాకులు కట్టుకుందురు, అందుకు ఆకుదండు. ఇంకోటేందంటె, వాళ్ళ రాజ్యం ఆకుతోని వచ్చేది, ఆకుతోని పోయేది. వానలు పడి అడివి గుబురెక్కితె దండు గుట్ట దిగేది. మొన్న గుట్ట మీదుండె, నిన్న ఇప్పచెట్ల కాడుండె, ఇయ్యాల మన వాకిట్లుండె. వచ్చేటప్పుడు ఎవ్వలు సూడకపోదురు. పొద్దుగాల మంచు వచ్చినట్టె. మల్ల ఆకు రాలుడు మొదలైతె దాసుకునే తావు లేక, ఒక చెట్టు ఎనుకకు, ఇంకో చెట్టు ఎనుకకు, అట్ల అట్ల గుట్ట మీదికి పోదురు. అప్పుడు గడిలకెల్లి సిపాయిలు దిగుదురు.

మొదటిసారి దండు ఊర్లెకు వచ్చినప్పుడు ఏమైందంటె, దండు పెద్ద, గడ్డమాయన, గట్టవ్వ వాకిట్ల కూసోని మంచినీళ్ళు అడిగిండు. తాగిండు. తాగి ఏమన్నడంటె, "అవ్వా, ఆ చెట్లు దొర అయ్య నాటిండా? గుట్ట కింది దాక మీదే. దున్నుకోండ్రి, ఇప్పపువ్వు ఏరుకోండ్రి. నువ్వు రాయి తీసుకపోయి గుట్ట కింద పెట్టు" అన్నడు. గట్టవ్వ భయపడ్డది. నేనెవల్ని బిడ్డా దాన్ని లేపడానికి, అది లేస్తె లేస్తది లేకుంటె లేదు, అడిగి సూస్త అన్నది. పోయి రాయి పక్కన కూసున్నది. నీళ్ళు పోసింది, బండారి రాసింది. చెవుల చెప్పినట్టు మెల్లగ అడిగింది, "అవ్వా, పోదామా?" అని. చెయ్యి పెట్టిందో లేదో లేచిందంట. సంకకొచ్చి కూసున్నదంట. నడిమిట్ల ఒంగి ఉంటదన్న సూడు, ఆ ఒంపు ఆమె నడుముకు సరిగ్గ అతికింది. ఇగ ఆమె ముందు, ఊరు ఎనుక. వాగు దాటిన్రు, మోదుగులు దాటిన్రు, ఆమె పొలి సల్లుకుంట పోతాంది, "పొలో పొలి" అని ఎనుకకెల్లి జనం అంటాన్రు. ఆమె అడుగు పడ్డ కాడిదాక ఊరు పెరుగుతాంది. గుట్ట కింద గుంత తవ్వి రాయిని కూసోబెట్టింది. ఆ ఏడు చెల్కలల్ల సజ్జ మనిషెత్తు పెరిగిందంట. ఇంటింటికి ఇప్పపువ్వు వాసనేనంట.

ఆకు రాలింది, దండు పాయె, సిపాయిలు వచ్చిన్రు. జమేదారు అని ఒకడు, మెలేసిన మీసాలు, కాళ్ళకు కిర్రుకిర్రు జోళ్ళు. "రాయి ఎవలు జరిపిన్రు" అన్నడు. ఎద్దులను కట్టి గుంజిపిచ్చిండు. తాళ్ళు తెగినయి, ఎద్దులు మోకాళ్ళ మీద పడ్డయి, రాయి కదల్లె. అప్పుడు గట్టవ్వను పట్టుకొచ్చి, నువ్వు తెస్తవా, గుడిసెలు అంటువెట్టాల్నా అన్నడు. ఆమె ఏం చేస్తది చెప్పు? పోయింది, నీళ్ళు పోసింది. "అవ్వా, పోదాం పా. లేకుంటె పిల్లల గుడిసెలు కాలుతయి" అన్నది. లేచిందంట గాని ఎంత బరువనుకున్నవు? ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన పిల్ల ఎంత బరువుంటదో గంత. మోసుకుంట వచ్చి వాగు ఒడ్డుకు పాత గుంతల పెట్టింది. చెల్కలు మల్ల అడివైనయి.

ఇగ గట్లనె నడిచింది ఎన్నేండ్లో. దండు కిందికి దిగితె రాయి పైకి పోయేది, దండు పైకి పోతె రాయి కిందికి వచ్చేది. తిరకాసు అనుకోకు, సాఫుగనె ఉన్నది. వానకాలం ఊరు ఉబ్బుడు, ఎండకాలం ముడుసుకునుడు. నిద్రపోయేటోని కడుపు సూసినవా, అట్ల లేసుడు దిగుడు. ఇంటెనుక నిలబడి గట్టవ్వ సూస్తె ఒకనాడు ఆ ఇప్పచెట్టు మాది, ఇంకోనాడు మాది గాదు. చెట్టుకు ఏమన్న తెల్సా? అది పువ్వు రాలుస్తనె ఉన్నది. ఈ గుంతకు ఆ గుంతకు నడిచి నడిచి గట్టవ్వ కాళ్ళకింద ఒక బాట పడ్డది. సన్నటి బాట. పగటిపూట జర కన్నంటుకుంటె గూడ ఆమెకు అదే బాట కనవడేదంట, సంకల బరువున్నట్టె ఉండేదంట. లేచి సూసుకుంటె సంకల ఏముండదు. రాయి ఏ దిక్కున్నదో యాదికి రాక వాకిట్లకొచ్చి చెట్ల దిక్కు సూసేది. చెట్లకు ఆకుంటె రాయి పైనున్నట్టు, లేకుంటె కిందున్నట్టు.

జనం నోరు ఊకుంటదా? విడువుమంటె పాముకు కోపం, కరువుమంటె కప్పకు కోపం, నడిమిట్ల గట్టవ్వ. ఆమె పక్కింట్లనె సాయవ్వ అని ఒకామె ఉండె, నోరు ఈతముల్లు. "మా వదినెకేంది, ఎవల రాజ్యమొస్తె వాళ్ళ రాయి మోస్తది" అనేది. ఆమెకు గట్టవ్వకు మాటల్లేవు. ఎందుకంటె, ఒక కోడి. సాయవ్వ కోడి పోయి గట్టవ్వ అటుక మీద గుడ్లు పెట్టింది, గుడ్లు ఎవలియి అని లొల్లి. కోడి సచ్చింది, దాని పిల్లలు సచ్చినయి, లొల్లి మాత్రం సావలె. గోడ అవుతల ఆమె దగ్గుతె గోడ ఇవుతల ఈమె తుపుక్కున ఊంచేది. గంతే వాళ్ళ మాట ముచ్చట.

ఓదెలు పెరిగిండు. గడిల వెట్టికి పోయి ఒకనాడు ఈపు మీద కొరడ వాతతోని వచ్చిండు. ఆ వానకాలం దండు దిగినప్పుడు నెత్తికి మోదుగాకు కట్టుకున్నడు. గట్టవ్వ ఆపలె. వాకిట్ల నిలబడి సూసింది. ముందు ఓదెలు కనవడ్డడు, జరసేపైనంక ఆకులే కనవడ్డయి, ఇంకాసేపైనంక ఆకులు ఊగుడు కనవడ్డది, ఇగ ఏం లేదు. అప్పటి సంది ఆమె వానకోసం చేనున్నోళ్ళకంటె ఎక్కువ ఎదురుసూసేది. చినుకు పడి, చిగురు పెట్టి, ఆకు అరచెయ్యంత అయ్యిందంటె అడివిలకెల్లి ఆకులు నడిసొచ్చేటియి. నిజంగనె నడిసొచ్చేటియనుకో. ఆ నడిసే ఆకులల్ల ఏదో ఒకటి వాకిట్లకొచ్చి, "అవ్వా, అన్నం పెట్టు" అనేది. అది ఓదెలు.

ఒక ఏడు వాడు ఏం చేసిండంటె, అన్నం తినుకుంట తుపాకి గోడకు ఆనించిండు. గట్టవ్వ తుపాకి దిక్కు సూసింది, కొడుకు దిక్కు సూసింది. "కొడుకా, నిన్ను పోవద్దనను. ఈడుంటె కొరడ, ఆడుంటె తుపాకి. గాని ఒక్క మాటియ్యి. సచ్చేదుంటె రాయి లోపట సావు" అన్నది. వాడు ముద్ద మింగకుంట నవ్విండు. "అందరి అవ్వలు సల్లగ బతుకు బిడ్డా అంటరు, నువ్వేందే గిట్లంటవు?" అన్నడు. "బతుకుడు నీ చేతుల లేదు, నా చేతుల లేదు. ఈడికొచ్చుడన్న నీ చేతులున్నది. మీ అయ్య పక్కన జాగ ఉన్నది. నువ్వు బయట పోతె పెత్రమాసనాడు నేనెవల పేరు మీద ఇస్తరి ఎయ్యాలె? గాలికెయ్యాల్నా?" అన్నది. ఏడ్వలేదంట, గట్టిగనె అడిగిందంట. ఓదెలు నవ్వుడు బంద్ చేసి ఎంగిలి చెయ్యి కడుక్కున్నడు. కడుక్కోని అవ్వ చేతుల చెయ్యేసిండు. "ఒట్టు. ఏడున్నా రాయి కాడికొచ్చే సస్త. సరేనా?" అన్నడు. ఆమెకు నిమ్మలమైంది. అన్నం ఇంకింత పెట్టింది.

ఆ మాట యాదికి పెట్టుకోండ్రి. నా బీడీ ఆరిపోయింది, అగ్గిపెట్టె ఎవల దగ్గరున్నది? సారూ, నువ్వు రాసుకునుడు ఆపకు, నేను చెప్పుడు ఆపను.

ఆ ఎనుక ఒక చెడ్డ ఏడొచ్చింది. వానలు సరిగ్గ పడలె. ఆకు రాకరాక వచ్చింది, వచ్చింది వచ్చినట్టె పండువారి రాలింది. దండు ఊర్లెకు వచ్చి రాయినైతె పైకి పెట్టిపిచ్చింది గాని, నిలువలేకపోయింది. ఓదెలు వచ్చి నిలబడే ఇంత తిన్నడు, "పోయొస్తనే అవ్వా" అన్నడు, పాయె. గట్టవ్వ ఏమనుకున్నదంటె, ఇగ దండంత గుట్ట అవుతల పడ్డది, మల్ల వాన దాక భయం లేదు అనుకున్నది. మోదుగుచెట్లకు ఒక్కాకు లేదు, మొత్తం పువ్వే. ఎర్రగ, ఎటు సూసినా ఎరుపే. ఆకులేని అడివిల పువ్వు ఎంత సక్కగుంటదో, సూసేకొద్ది గుండె అంత గుబులైతది. ఇది మా అవ్వ గూడ అంటుండె.

అగో, అప్పుడు పొద్దుగాల్నే జమేదారు దిగిండు. "రాయి ఇప్పుడే కిందికి రావాలె, నేను సద్ది తినేలోపట" అన్నడు. గట్టవ్వ బాట పట్టుకోని పోయింది. నీళ్ళు పోసింది, అడిగింది. రాయి లేవలె. మల్ల అడిగింది, లేవలె. గడ్డి పరక గూడ కదలనట్టు కూసున్నది. ఎనుకకెల్లి సిపాయి కాగడ ముట్టిచ్చిండు గుడిసెలకు పెట్టనీకి. ఎన్నడు చెయ్యని పని చేసింది. రాయిని చెయ్యెత్తి కొట్టింది. "లే, మొండిదానా! ఊరు కాలుతాంటె నీకు అలుగుడా" అని కొట్టింది. అప్పుడు లేచిందంట. గాని బరువంటె బరువు గాదు. కాళ్ళు భూమిల దిగుతాంటె మోసుకొచ్చి వాగు ఒడ్డుకు ఏసింది. ఎందుకు లేవలేదో రాయికి ఎరుక. గట్టవ్వకు ఎరుక లేదు. నాకు మాత్రం ఏమెరుక, నేను చెప్పేటోన్ని అంతే.

ఇప్పుడు సాయవ్వ సంగతి. ఆమె సీకటితోనె ఇప్పపువ్వు ఏరనీకి పోయింది. పోయినప్పుడు ఆ నేల ఊరు. గంప నిండేసరికి అది అడివి. రాయి ఆమె పక్కకెల్లే కిందికి పోయింది, ఆమె పువ్వు ఏరుకుంట సూడనే లేదు. తల ఎత్తి సూస్తె వాగు పొంటి సిపాయిలు. "ఓరి దేవుడా, ఊరు నన్నిడిసిపెట్టి పోయింది" అనుకున్నదంట. పొదలల్ల పండుకుంట, పాకుకుంట, వాగు మలుపు కాడికెల్లి ఊర్లె పడ్డది. గంప లేదు, చెప్పుల్లేవు. సక్కగ గట్టవ్వ ఇంట్లకొచ్చింది. కోడి లొల్లైన సంది ఆ గడప తొక్కలే, అప్పుడు తొక్కింది.

"వదినే" అన్నది. గట్టవ్వ అంబలి కాస్తాంది. వదినే అనంగనె ఆమెకు సగం అర్థమైంది, గంటె కిందపెట్టింది. "వదినే, ఓదెలు గుంత కాడున్నడు" అన్నది సాయవ్వ. ఏ గుంత అన్నది గట్టవ్వ. రాయి గుంత అన్నది సాయవ్వ.

ఏమైందంటె, గుట్ట సందుల దండుకు సిపాయిలకు కాల్పులైనయి. ఓదెలు కడుపుల గుండు దిగింది. తోటోళ్ళు మోసుకపోతమన్నరు, గుట్ట అవుతల మందు కట్టేటోళ్ళున్నరు, పా అన్నరు. వీడు రానన్నడు. మా అవ్వకు మాటిచ్చిన, రాయి కాడికి పోవాలె అన్నడు. చెయ్యి ఇడిపిచ్చుకోని కిందికి పాకిండు. గుట్ట దిగిండు, చెట్టు చెట్టు పట్టుకోని వచ్చిండు. వచ్చేసరికి రాయి లేదు, గుంత ఉన్నది. పొద్దుగాలటి తడి అట్లనె ఉన్నది. గుంతల చెయ్యి పెట్టి ఎతుకుతాండంట, ఎంత ఎతికినా మన్నే. సాయవ్వ పోయి కూసున్నది. "అత్తా, రాయేది?" అన్నడంట. "నాకు నోరు రాలె వదినే. నా పిడికిలి మూసి వాని చేతుల పెట్టిన. ఇగో బిడ్డా, ఈడనె ఉన్నది, అన్న. పట్టుకున్నడు. నిమ్మలంగ పట్టుకున్నడు. నా ముందట్నె పానం పోయింది" అన్నది. చెప్పి, ఆ పిడికిలి అట్లనె మూసి పట్టుకోని నిలబడ్డది.

గట్టవ్వకు కన్నీళ్ళు రాలేదంట. పొద్దుగాల రాయిని కొట్టిన చెయ్యి సూసుకున్నదంట. మల్ల లేచి పెద్దమనిషి రాజలింగు ఇంటికి పోయింది. రాజలింగు మంచోడు, కట్టుకు కట్టుబడ్డోడు. ఇనంగనె నెత్తి మీది రుమాలు తీసి చేతుల పట్టుకున్నడు. "గట్టవ్వా, ఓదెలు నా ఒళ్ళె ఆడినోడు. గాని ఏం చెయ్యాలె? రాయి వాగు కాడున్నది. పొద్దుగాల నీ చేతులతోనె తెచ్చినవు. తెస్తె రేపు ఎవడు దేనికి కట్టుబడ్తడు?" అన్నడు. అని, కంట్ల నీళ్ళు పెట్టుకున్నడు. గట్టవ్వ ఒక్క మాటనె అన్నది. "నీ కట్టు తప్పమంటలేను పెద్దయ్యా. నేను అడిగొస్త" అన్నది. చెంబు తీసుకున్నది, బండారి తీసుకున్నది, పొలి గంప నెత్తికెత్తుకున్నది. వాగు దిక్కు నడిచింది. ఆమె ఎనుక సాయవ్వ, వాళ్ళ ఎనుక రాజలింగు, అట్ల ఒక్కొక్కలు ఊరంత.

వాగు కాడ జమేదారు జోళ్ళిడిసి నీళ్ళల్ల కాళ్ళు పెట్టుకోని కూసున్నడు. పొద్దు నడినెత్తి దాటింది. గట్టవ్వ వాన్ని సూడనే లేదు. రాయి పక్కన కూసోని నీళ్ళు పోసింది. చెయ్యి పెట్టి సూసుకోని పోసింది. కొట్టిన కాడ బండారి రాసింది. "అవ్వా, నువ్వు రానన్నవు. నేనినలె, నిన్ను కొట్టిన. వాన్ని గీ సంకల నాలుగేండ్లు మోసిన, నిన్ను ఎన్నేండ్ల సందో మోస్తాన. వానికంటె నిన్నే ఎక్కువ మోసిన. వాళ్ళు పెట్టుమన్న కాడ పెట్టిన, వీళ్ళు పెట్టుమన్న కాడ పెట్టిన. నా కోసమని ఒక్కనాడన్న జరుగుమన్ననా? ఇయ్యాల అడుగుతాన. నీ తమ్ముడు ఆడ ఒక్కడే పండుకున్నడు. వస్తవా?" అన్నది.

రాయి లేచింది. ఎట్ల లేచిందంటె, ఆమె చెయ్యి పెట్టకముందే లేచిందంటరు. బరువే లేదంట. ఒట్టి సంకతోని పోతాన్నా అని ఆమె సూసుకున్నదంట, ఉన్నది. మెడ సుట్టు రెండు చేతులేసినట్టు అనిపిచ్చిందంట, ఓదెలు చిన్నప్పుడు వేసినట్టు. వాగుల దిగింది. జమేదారు "ఏయ్, ఆగు" అన్నడు. సిపాయిలు తుపాకులు లేపిన్రు. ఆమె ఆగలె, "పొలో" అన్నది. ఊరంత "పొలి" అన్నది. వాగు దాటి మోదుగుల కింద అడుగు పెట్టిందో లేదో, నమ్మితె నమ్ము లేకుంటె లే, ఆ మోడు కొమ్మకు ఆకు పెట్టింది. ఆమె దాటిన చెట్టుకల్ల ఆకు. ముందు చెవంత, సూస్తాంటె చెయ్యంత. ఎర్ర పువ్వు మీద పచ్చాకు కమ్ముకుంట పోతాంది, గాలి లేదు, సప్పుడు లేదు. సిపాయిలకు ఆకు అంటె ఏంది? దండు. ఎన్నేండ్ల సందో ఆకును సూసి పారిపోయిన పానాలాయె. "ఆకు! ఆకొస్తాంది!" అని ఎవడో ఒక్కడు ఒర్రిండు. ఇగ సూస్కో, దుబ్బ లేసిపోయింది. జమేదారు ఒక్క కాలికి జోడేసుకోని ఉరికిండు, రెండోది వాగుల కొట్టుకపోయింది. ఆ జోడు దొరికితె అండ్ల మా తాతలు చిన్నప్పుడు చీమల్నెక్కిచ్చి పడవ ఆడిన్రంట. అది మాత్రం నిజం.

గుంత కాడికి పోయిన్రు. ఓదెలు పక్కకొరిగి పండుకున్నట్టె ఉన్నడు, చెయ్యి గుంతల ఉన్నది. గట్టవ్వ ఆ చెయ్యి తియ్యలె. గుంతల రాయి పెట్టలె. కొడుకును దాటి ఇంకింత పైకి పోయింది, వాని కాళ్ళవుతల కొత్త గుంత తవ్వింది, ఆడ కూసోబెట్టింది రాయిని. అప్పుడు వచ్చి కూసున్నది. వాని తల ఒళ్ళె పెట్టుకున్నది. అప్పుడేడ్చింది తల్లి. ఏడుపంటె మామూలు ఏడుపా, పొద్దుగాల రాయి ఎందుకు బరువైందో అదంత ఎల్లిపోయిందాక ఏడ్చింది.

ఇగ అందరు రాజలింగు దిక్కు సూస్తాన్రు. రాయి ఇప్పుడైతె అవుతలున్నది, శవం ఇవుతలున్నది. గాని పానం పోయింది ఎప్పుడు? రాయి రాకముందా, వచ్చినంకనా? కట్టంటె కట్టేనాయె. రాజలింగు అడిగిండు, అడగక తప్పదు. "పానం పోంగ సూసినోళ్ళెవలన్న ఉన్నరా?" అన్నడు. సాయవ్వ ముందుకొచ్చింది. ఆ పిడికిలి ఇంకా ఇప్పలేదంట. "నేను సూసిన" అన్నది. "ఎప్పుడు పోయింది?" అన్నడు. సాయవ్వ గట్టవ్వ దిక్కు సూసింది, ఊరందరి దిక్కు సూసింది. "ఇప్పుడే పోయింది. మా వదినె రాయి పెట్టింది, వాడు సూసిండు, అప్పుడు పోయింది" అన్నది. చల్లబడ్డ ఒళ్ళు, ఎండిన నెత్తురు, ఈగలు ముసురుతానయి. గుడ్డోనికి గూడ తెలుస్తది. రాజలింగు కిందికొంగి ఓదెలు నొసలు మీద చెయ్యి పెట్టిండు. చాలాసేపు పెట్టిండు. "అవును, ఇంకా వెచ్చగనె ఉన్నది" అన్నడు. ఊరంత ఒక్కొక్కలు వచ్చి చెయ్యి పెట్టిన్రు. వెచ్చగనె ఉన్నది, వెచ్చగనె ఉన్నది అన్నరు. అని ఎత్తుకున్నరు. అయ్య పక్కపొంటి పెట్టిన్రు. ఆ ఏడు పెత్రమాసకు ఓదెలు పేరు మీద ఇస్తరి పడ్డది, ఆ ఇస్తరి కుట్టింది సాయవ్వనేనంట.

తర్వాత జమేదారు రాలేదా అంటె వచ్చిండు, కొత్త జోళ్ళేసుకోని. రాయి తెమ్మన్నడు. గట్టవ్వ పోయి అడిగింది, తిరిగొచ్చి, "రానంటాంది దొరా" అన్నది. గుడిసెలు కాలుస్తనన్నడు, కాల్చిండు గూడ. మావోళ్ళు మల్ల ఏసుకున్నరు. ఎద్దులతోని గుంజిపిచ్చిండు, ఏనుగును తెప్పిచ్చిండంటరు, అది జర అబద్ధం కావచ్చు. రాయి మాత్రం అంగుళం జరగలె. వానకాలం దండొచ్చింది. గడ్డమాయన, "అవ్వా, ఇగ గుట్ట మీదికి పెడుదామా, మన బలం పెరిగింది" అన్నడు. గట్టవ్వ పోయి అడిగింది. వచ్చి, "అటు గూడ రానంటాంది బిడ్డా" అన్నది. ఆయన నెత్తికున్న ఆకు తీసి ఆ పాత గుంతల పెట్టి పోయిండు. గట్టవ్వ ఆ ఎనుక రాయిని ఎన్నడు సంకనెత్తలేదు. ఊరికె పక్కన కూసునేది, నీళ్ళు పోసేది. సాయవ్వ చెంబు అందిచ్చేది.

గడిల ఇప్పుడు గబ్బిలాలున్నయి, పోయి సూసుకోండ్రి. దండు ఏడ కరిగిపోయిందో ఎవ్వలకు తెల్వదు. ముందుకొచ్చినోళ్ళు ఎనుకకు పోయిన్రు, ఎనుకకు పోయినోళ్ళు ముందుకొచ్చిన్రు, అందరు పోయిన్రు. మా ఊరు పొలిమేర మాత్రం అంతట సక్కగ వచ్చి ఆడ ఒక్కకాడ గుట్ట దిక్కు చెయ్యి సాపినట్టు పోతది. మొన్న కొలిచేటాయన గొలుసేసుకోని వచ్చి, ఇదేంది వంకర, ఇది ఊరే అని ఎవలు చెప్పిన్రు అన్నడు. సాయవ్వ చెప్పింది అన్నం. ఏ సాయవ్వ, పిలువుండ్రి అన్నడు. మేము నవ్వితె ఆయనకు కోపమొచ్చింది. మరి నవ్వకుంట ఏం చెయ్యాలె? పెద్ద పెద్ద రాజ్యాలు తుపాకుల మీద నిలబడి పడిపోయినయి. మా పొలిమేర ఒక ముసల్దాని అబద్ధం మీద నిలబడ్డది, ఇంకా నిలబడే ఉన్నది. నాకు జరం గిరం వస్తె మీరు నన్ను పట్నం దవాఖానకు తీసుకపోకుండ్రి, ముందే చెప్తాన. తీసుకపోతిరా, వచ్చేటప్పుడు నొసలు మీద చెయ్యి పెట్టి వెచ్చగనె ఉన్నది అనుండ్రి. సాలు.